జనాభా నిలకడ కోసం ఒక దేశం వలసలను తగ్గించుకోవడం న్యాయమేనా? – చర్చ

గజపతినగరం మాస్టారు:

కెనడా ప్రభుత్వం 2024 అక్టోబరులో వలసల లెక్కను తగ్గించిన వార్త చదివి, మా వీధిలోని ఒక పెద్దాయన పేపరు మడిచి అరుగు మీద పెట్టి, "మన పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారు" అన్నారు. ఆయన మనవడు ఇంజినీరింగు చివరి సంవత్సరంలో ఉన్నాడు కనుక ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మాట సరైనది కాదని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. ఒక దేశం తన జనాభా ఎక్కడో ఒకచోట నిలవాలని కోరుకుని, అందుకోసం ఏటా బయటి నుంచి తీసుకునేవారి సంఖ్యను తగ్గించుకుంటే అది న్యాయమేనని నా అభిప్రాయం. ఇంటికొకరు చొప్పున ఊరు విడిచిపోయే జిల్లాలో కూర్చుని ఈ మాట అంటున్నానని తెలిసే అంటున్నాను.

లెక్కతో మొదలుపెడతాను. 2023లో కెనడాలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.26 మాత్రమే. జనాభా నిలవాలంటే కావలసిన 2.1 కన్నా అది చాలా తక్కువ. అంటే అక్కడి దంపతులు చిన్న కుటుంబం చాలనుకున్నారు. అయినా అదే సంవత్సరం ఆ దేశ జనాభా 3.2 శాతం పెరిగింది. 1957 తరువాత అంత పెరుగుదల ఎన్నడూ లేదు. అందులో 97 శాతానికి పైగా వలసల వల్ల, ముఖ్యంగా చదువుకని, పనికని తాత్కాలికంగా వచ్చినవారి వల్ల పెరిగినదే. ఆ వేగమే కొనసాగితే ఇరవై రెండేళ్లలో దేశం రెట్టింపవుతుంది. ఇళ్లు మాత్రం ఆ వేగంతో కట్టలేకపోయారు. 2030 నాటికి మామూలుగా కట్టేవి కాక మరో 35 లక్షల ఇళ్లు కావాలని అక్కడి గృహనిర్మాణ సంస్థే అంచనా వేసింది. పడకగదికి నలుగురు చొప్పున అద్దెకు ఉంటున్న మన పిల్లలను ఫోన్లలో చూస్తున్నవారికి ఆ అంకెకు అర్థం వేరే చెప్పనవసరం లేదు.

మా ఊరి చెరువు సంగతి చెబుతాను. మదుము (తూము) పక్కన నిలబెట్టిన రాతి మీద పాత నీటి మరకలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఆషాఢంలో రైతులు గట్టు మీద చేరి, నీరు ఏ మరక దాకా వచ్చిందో చూసి, ఆ ఏడు ఎంత భూమి తడుస్తుందో తేల్చేవారు. పై మళ్లవారికి "ఈ ఏడు మీకు నీరు అందదు, చోళ్లు వేసుకోండి" అని ఆకుమడి పోయకముందే చెప్పేవారు. అలా చెప్పిన సంవత్సరం ఎవరూ ఎవరినీ పగవాడిగా చూడలేదు. పై మళ్ల రైతు చెడ్డవాడని కాదు, నీరు అంతే ఉందని అందరికీ కనిపించేది. దేశం వలసలకు హద్దు పెట్టుకోవడాన్ని నేను ఆ గట్టు మీద నుంచే చూస్తున్నాను.

ఇది పరాయివారంటే గిట్టనివారు కొత్తగా పుట్టించిన ఆలోచన కాదు. అమెరికాలో జనాభా పెరుగుదలను పరిశీలించడానికి మూడవ జాన్ డి. రాక్‌ఫెల్లర్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 1972లోనే దేశం స్థిరమైన జనాభాను స్వాగతించాలని, వలసల స్థాయిని పెంచరాదని చెప్పింది. నల్లజాతి హక్కుల కోసం నిలబడిన బార్బరా జోర్డన్ నాయకత్వంలోని మరో కమిషన్ 1995లో ఏడాదికి 5,50,000 మందిని తీసుకుంటే చాలని సిఫారసు చేసింది. దానిని చట్టసభ అమలు చేయలేదు. ఆ తరువాతి ఏళ్లలో ఏటా సుమారు పది లక్షల గ్రీన్‌కార్డులు ఇచ్చారు. 1970లో 20.3 కోట్లున్న ఆ దేశం 2020కి 33.1 కోట్లకు చేరింది. అక్కడి జనగణన శాఖ 2023లో వేసిన అంచనాల ప్రకారం, వలసలు ఎక్కువగా ఉంటే 2100 నాటికి 43.5 కోట్లు, తక్కువగా ఉంటే 31.9 కోట్లు. తక్కువ అంటే తలుపు మూసివేయడం కాదు, దాదాపు ఇప్పుడున్న చోటనే నిలవడం. నేను సమర్థిస్తున్నది ఆ రెండవ అంకెను.

పలాస నుంచి ఒక తండ్రి:

మాస్టారూ, మీ చెరువు పోలిక చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఆకుమడి పోయకముందు చెప్పేవారన్నారు. మాకు ఉడుపులు (నాట్లు) అయ్యాక చెప్పారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడితోటను పడగొట్టింది. వేళ్లతో సహా లేచిపోయిన చెట్లను రంపంతో కోసి కట్టెల కింద అమ్ముకున్నాం. మళ్లీ మొక్కలు వేశాం గాని, అవి కాపుకు వచ్చేదాకా ఆగే ఓపిక లేక, అబ్బాయి చదువు కోసం రెండెకరాలు అమ్మేశాను. 2022లో వాడు కెనడా వెళ్లినప్పుడు వీసా పని చూసిన మనిషి నా ఎదుటనే కాగితం మీద మూడు గీతలు గీసి, రెండేళ్లు చదువు, మూడేళ్లు ఉద్యోగం, ఆ తరువాత పీఆర్ (శాశ్వత నివాసం) అని రాసి ఇచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో భూమి దస్తావేజు నకలుతో పాటే ఉంది. చదువు అయింది. గిడ్డంగిలో ఉద్యోగం కూడా వచ్చింది. 2024 అక్టోబరులో పీఆర్ ఇచ్చే సంఖ్యను 2025కు అనుకున్న 5 లక్షల నుంచి 3,95,000కు తగ్గించారు, 2027కు 3,65,000 అని అప్పుడు అన్నారు. పీఆర్ ఎంపికకు వేసే మార్కుల్లో అబ్బాయికి 480 ఉన్నాయి, పిలుపులేమో 500 పైనే ఆగిపోతున్నాయి. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది.

మా తోడల్లుడి కొడుకు సంగతి మరొకటి. విద్యార్థి తన ఖర్చులకు చూపించవలసిన సొమ్ము 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచుతున్నట్లు 2023 డిసెంబరు మొదట్లో ప్రకటించి, 2024 జనవరి 1 నుంచి అమలు చేశారు. నెల రోజుల వ్యవధి కూడా లేదు. ఆ కుటుంబం అప్పటికే బంగారం కుదువపెట్టి ఉంది.

హద్దు పెట్టుకునే హక్కు వారికి లేదని నేను అనను. మా ఇంటికి ఎంతమంది రావాలో మేము అనుకోమా? కానీ ఏళ్ల తరబడి రండి రండి అని పిలిచి, మన పిల్లలు కట్టిన ఫీజుల మీద కాలేజీలు నడుపుకుని, అద్దెలు పెరిగాక లెక్క గుర్తుకు రావడం న్యాయమా అన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా కమిషన్ల పేర్లు చెబితే నాకు ఊరట కలగదు.

టెక్కలి నుంచి ఒక అధ్యాపకురాలు:

ఆ తండ్రిగారి బాధను పక్కన పెట్టి చూసినా మాస్టారి వాదన మూలంలోనే నాకు అభ్యంతరం ఉంది. వలస మనిషిని ఒక చోటి నుంచి మరొక చోటికి చేరుస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు. ఒక కుర్రవాడు టెక్కలిలో ఉన్నా టొరంటోలో ఉన్నా భూమి మోసేది ఒక్కడినే. ప్రపంచ జనాభా నిలకడ ఆడపిల్లల చదువుతో, ప్రసూతి వైద్యంతో, పెళ్లి వయసుతో వస్తుంది. మన రాష్ట్రం అలాగే సాధించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ ఒక స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1.7కు దిగిపోయింది. దిగింది కనుకనే 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమంది పిల్లలను కనమని పిలుపునిచ్చారు, ఆ మరుసటి నెలలోనే ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను శాసనసభ రద్దు చేసింది.

మాస్టారు చెప్పిన అమెరికా అంచనాల్లోనే ఆయన చెప్పని అంకె ఒకటి ఉంది. వలసలు పూర్తిగా ఆగిపోతే 2100 నాటికి ఆ దేశం 22.6 కోట్లకు కుంచించుకుపోతుంది. ముసలివారు ఎక్కువై పనిచేసే చేతులు తక్కువైన దేశంలో ఆసుపత్రి మంచం పక్కన ఎవరు నిలబడతారు? మా ఊరి నుంచి నర్సింగ్ చదివి గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళుతున్న ఆడపిల్లలను నేను చూస్తున్నాను. వారిని కోరుకుంటున్నది ఆ దేశాల అవసరమే గాని దయ కాదు.

శ్రీకాకుళం, బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబం:

ఈ చర్చలో ఎవరూ రంగం (బర్మాలోని రంగూన్) పేరు ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అమెరికా కన్నా ముందు మన జిల్లాలకు విదేశం అంటే రంగమే. మా తాతగారిని ఒక మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించి రంగూన్ రేవులో మూటలు మోసే పనిలో పెట్టాడు. 1931 జనగణన నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉండేవారు. సొంత ముఖ్యపట్టణంలో బర్మావారు తక్కువైపోయారు. దీనిని ఎవరు నిర్ణయించారు? బర్మా ప్రజలు కాదు, చవకగా కూలీలు కావలసిన ఆంగ్లేయ కంపెనీలు, వాటిని నడిపిన ప్రభుత్వం. 1930 మే నెలలో మన తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు, సమ్మె తీరగానే వారిని పొమ్మని మనవారిని తిరిగి పిలిచారు. ఆ పూట రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి వంద మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మనవారే. మా తాతగారు రెండు రోజులు ఒక గిడ్డంగిలో బియ్యం బస్తాల వెనుక దాక్కున్నారట.

వలసలకు హద్దు పెట్టే ఒప్పందం 1941లో గాని రాలేదు. అది అమలయ్యేలోగా జపాన్ యుద్ధం వచ్చిపడింది, జనం అడవుల దారిన నడిచి వచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. మా కుటుంబం యుద్ధం తరువాత మళ్లీ వెళ్లి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చేసింది. మా నాయనమ్మ దగ్గర మిగిలింది ఒక్క లక్క తమలపాకుల పెట్టె. ఎర్రటి గుండ్రటి పెట్టె, లోపల రెండు అరలు, మూత అంచున రంగు పోయిన చోట వెదురు అల్లిక కనిపిస్తుంది. చివరిదాకా అందులోనే సున్నం, వక్కలు పెట్టుకునేది.

నేను మాస్టారికి వ్యతిరేకిని కాను, పూర్తిగా అనుకూలుణ్ని కూడా కాను. లెక్క వేళకు వేయని దేశంలో చివరకు ఆ లెక్కను ప్రభుత్వం కాక వీధి వేస్తుంది, అప్పుడు దెబ్బ సంఖ్యకు కాక మనిషికి తగులుతుంది. మా ఇంట్లో తెలిసిన సంగతి ఇది.

గజపతినగరం మాస్టారు:

పలాస తండ్రిగారికి ముందు జవాబు చెప్పాలి. మీరన్నది నిజం, ఉడుపులు అయ్యాక నీరు కట్టేశారు. నేను సమర్థించే విధానంలో ఇప్పటికే దేశంలో ఉండి, చట్టప్రకారం చదివి పనిచేస్తున్నవారికి పాత నిబంధనలే వర్తించాలి, కోత కొత్తగా దరఖాస్తు చేసేవారి దగ్గరే మొదలుకావాలి. రాబోయే అయిదేళ్లలో ఏ సంవత్సరం ఎంతమందికి చోటుందో ముందుగానే ప్రకటిస్తే మీ ఊరిలో ఎవరూ జీడితోట అమ్మేవారు కాదు. 2024 జనవరిలో విద్యార్థి పర్మిట్లకు ఆ ఏడాదికి సుమారు 3,60,000 అని పరిమితి పెట్టారు, అంటే ముందటి ఏడాది కన్నా 35 శాతం తక్కువ. అదే పరిమితి 2019లో వచ్చి ఉంటే ఇంత కోత అవసరమయ్యేదే కాదు. కనుక మీ అబ్బాయికి జరిగిన అన్యాయం హద్దు పెట్టడం వల్ల వచ్చింది కాదు, అంతకాలం హద్దు లేకపోవడం వల్ల వచ్చిందని నేను నమ్ముతున్నాను. ఇది మీ నష్టాన్ని పూడ్చదని తెలుసు.

అధ్యాపకురాలు గారు చెప్పినట్లు భూమి మీద మనిషి ఒక్కడే. కానీ ఆ ఒక్కడి వాడకం ఒక్కలాగే ఉండదు. కెనడాలో సగటు మనిషి ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు, మన దేశంలో సుమారు 2 టన్నులు. మనవాడు అక్కడికి వెళ్లాక అక్కడిలాగే బతుకుతాడు, బతకాలనే కదా వెళ్లాడు. ఇక వృద్ధాప్యం మాట. వలస వచ్చినవారు కూడా ముసలివారవుతారు, వారిని మోయడానికి మళ్లీ ఇంకొందరు కావాలి. ఐక్యరాజ్యసమితి 2000లో ఈ లెక్క వేసింది. దక్షిణ కొరియాలో పనిచేసేవారికీ వృద్ధులకూ ఉన్న నిష్పత్తి మారకుండా ఉండాలంటే 2050 లోపల 500 కోట్లకు పైగా వలసదారులు కావాలని తేలింది. సాధ్యం కాదని చూపడానికే ఆ అంకె పనికివస్తుంది. వలసలు పూర్తిగా ఆపాలని నేను ఎక్కడా అనలేదు కనుక 22.6 కోట్ల అంకె నా వాదనకు వర్తించదు. నర్సులను తీసుకోండి, వేధింపులకు గురై పారిపోయి వచ్చినవారిని తీసుకోండి, భార్యాబిడ్డలను కలపండి. వీటన్నిటినీ కలిపిన మొత్తం ఎంత ఉండాలో మాత్రం ఆ దేశ ప్రజలు తెలిసి నిర్ణయించుకోవాలి.

నిర్ణయించుకోవడం అంటే ఎప్పుడూ నా మాటే గెలవడం కాదు. 2014 నవంబరులో స్విట్జర్లాండ్‌లో వలసల వల్ల జనాభా ఏటా 0.2 శాతానికి మించి పెరగకూడదన్న ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెట్టారు, 74 శాతం మంది తిరస్కరించారు. వారు తప్పు చేశారని నేను అనుకుంటాను, అయినా అడిగిన తీరును గౌరవిస్తాను. రంగూన్‌లో బర్మావారిని ఎవరూ అడగలేదు.

మన దగ్గరే హద్దు ఉన్న చోటు ఒకటి ఉంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు గిరిజనుల భూమిని మైదానంవారు కొనడానికి వీలులేకుండా 1/70 చట్టం ఆపుతోంది. దానిని మనం పరాయివారి పట్ల ద్వేషం అనడం లేదు. ఒక నేల మీద బతికేవారికి ఆ నేల గురించి ముందు మాట చెప్పే అధికారం ఉందని ఒప్పుకున్నాం.

సీతంపేట నుంచి:

మాస్టారూ, మీ మిగతా వాదనతో నాకు తగాదా లేదు, కానీ 1/70ని ఇందులోకి తీసుకురావద్దు. ఆ చట్టం ఊరికే రాలేదు. సాహుకార్లు ఉప్పుకూ చోళ్లకూ అప్పులిచ్చి, వేలిముద్రలు వేయించుకుని మా పెద్దల పోడు భూములు, పల్లపు మళ్లు తీసుకున్నారు. దాని మీద ఈ కొండల్లో ఎంత రక్తం కారిందో శ్రీకాకుళం పేరు విన్న ప్రతివారికీ తెలుసు. బలవంతుడు వచ్చి బలహీనుడి భూమి తినకుండా ఆపే చట్టం అది. మీరు చెప్పే దేశాలు బలవంతులవి, తలుపు దగ్గర నిలబడినవాడు బలహీనుడు. రెండు చోట్లా హద్దు అన్న మాట ఒక్కటే గాని, హద్దుకు ఏ పక్కన ఎవరున్నారో వేరు. కెనడాలో కూడా మాలాంటి ఆదివాసులు ఉన్నారు. వచ్చేవారి సంఖ్యను గురించి వారిని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?

గజపతినగరం మాస్టారు:

మీ మాట ఒప్పుకుంటున్నాను. ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివాసుల గురించి మీరడిగిన ప్రశ్న కూడా సరైనదే. అడగవలసిన వారిలో మొదటివారు వారేనని నా వాదనకు చేర్చుకుంటాను.

పలాస నుంచి ఒక తండ్రి:

నిన్న సాయంత్రం మా పక్కింటి కుర్రవాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆస్ట్రేలియా వెళ్లాలని ఉందట. అక్కడ కూడా విద్యార్థి తన పేర చూపవలసిన సొమ్ము 2024 మే నుంచి 29,710 డాలర్లు అయింది, 2025లో కొత్తగా చేర్చుకునే విద్యార్థుల సంఖ్య 2,70,000 అని ప్రకటించారు. ఈ రెండు అంకెలూ వారికి కాగితం మీద రాసి ఇచ్చాను. భూమి ఎంత ఉందని అడిగాను. ఎకరం ముప్పావు అన్నాడు తండ్రి. అది అమ్మకండి, అమ్మకుండా వెళ్లగలిగితే వెళ్లండి అన్నాను. మాస్టారు చెప్పిన అయిదేళ్ల పట్టిక ఆ దేశం ప్రచురించి ఉంటే దానిని కూడా చూపించేవాణ్ని.